సంతకం ఎవరిది?

2009 జూలైలో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే హెచ్.పి.వి. టీకా వేయడం మొదలైంది. అమెరికా సంస్థ ‘పాత్’, మన ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనమిది. ఎంతోమంది హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద అమ్మానాన్నలకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు, ఆరోగ్య సంఘాలు నిలదీశాక 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. పిల్లల మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. అంగీకారం తీసుకున్న తీరు తప్పని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా తప్పుపట్టింది.

టీకా మంచిదే. కానీ డబ్బున్న ఇంట్లో డాక్టరు తల్లికి వివరించి వేసే టీకా, గిరిజన బాలిక దగ్గరికి పరిశోధనగా వచ్చింది, ఆమె తల్లిని అడగకుండానే. తెలుసుకునే వీలు, వద్దనే హక్కు, తర్వాత చూసే డాక్టరు – వైద్యం అందడమంటే ఇవన్నీ అందడం.