చేత్తో తడిమి తేల్చే పరీక్ష

పేగుపూత (ఐబీడీ) వచ్చినవాళ్లలో చాలామంది చిక్కిపోతారు. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ చిన్నపేగు చివర వచ్చే వాపును వివరంగా రాసినప్పుడే బరువు తగ్గడం, నెత్తురు తగ్గడం అందులో ఉన్నాయి. ఎంత చిక్కారో కొలవడం ఎలాగో మాత్రం తేలలేదు. 1970లలో వైద్యులు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను, జబ్బ చుట్టుకొలతను, చర్మం మడత మందాన్ని నమ్ముకున్నారు.

ఆ అంకెల్ని పరీక్షకు పెట్టింది టొరంటోలోని ఒక వైద్య బృందం. అందులో జెఫ్రీ బేకర్, అలన్ డెట్‌స్కీతో పాటు మన వేలూరు సీఎంసీలో చదివిన ఖుర్షీద్ జీజీభాయ్ ఉన్నారు. శస్త్రచికిత్సకు వచ్చిన 59 మందిని ఇద్దరు వైద్యులు విడివిడిగా చూశారు. చేసిందల్లా అడగడం, తడమడం. ఆరు నెలల్లో బరువెంత తగ్గింది? ఈ రెండు వారాల్లో ఇంకా తగ్గుతోందా? తిండి ఎంత తగ్గింది? విరేచనాలు, వాంతులు ఎన్నాళ్లుగా? పని చేసుకోగలుగుతున్నారా? ఆ తర్వాత జబ్బ వెనక కొవ్వును రెండు వేళ్లతో పట్టి చూడటం, కండ కరిగిందేమో, కాళ్లలో నీరు చేరిందేమో గమనించడం. 59 మందిలో 48 మంది విషయంలో ఇద్దరి మాటా ఒక్కటే అయింది. 1982లో వెలువడిన ఈ పద్ధతికి 1987లో పూర్తి రూపం వచ్చింది. అదే ఎస్‌జీఏ (సబ్జెక్టివ్ గ్లోబల్ అసెస్‌మెంట్). ఎ అంటే బాగున్నట్టు, బి అంటే ఓ మోస్తరు లోపం, సి అంటే తీవ్ర లోపం.

పేగుపూతకు ఇది అతికినట్టు సరిపోయింది. పేగు ఎర్రబడి ఉన్నప్పుడు ఆల్బుమిన్ కడుపు నిండా తిన్నా పడిపోతుంది. కొంత పుండుపడ్డ పేగులోంచి కారిపోతుంది, వాపు వల్ల కాలేయం దాన్ని తక్కువగా తయారుచేస్తుంది. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్‌ది మరో మోసం. వాపు దాన్ని పైకి నెడుతుంది కనుక ఇనుము లేకపోయినా ఉన్నట్టు కనబడుతుంది. మామూలుగా లీటరుకు 30 మైక్రోగ్రాముల కంటే తక్కువైతే లోపం అంటారు, వాపు ఉంటే 100 దాకా ఉన్నా అనుమానించాల్సిందే. చిన్నపేగు చివరి భాగం దెబ్బతిన్నవారికి విటమిన్ బి12 కూడా చూడాలి. తూకాన్నీ పూర్తిగా నమ్మలేం, కాళ్లలో చేరిన నీరు కూడా అందులో కలిసిపోతుంది.

పేగుపూతను పట్నం జబ్బు అనుకునేవాళ్లు. హైదరాబాద్ ఏఐజీ వైద్యులు ఆసుపత్రికి వచ్చినవారితో పాటు చుట్టుపక్కల జిల్లాల పల్లె శిబిరాలకు వచ్చినవారినీ కలిపి, కడుపు కింది భాగంలో బాధలున్న 30 వేల మందికి పైగా రోగుల్ని పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. నూటికి సుమారు ఐదుగురిలో పేగుపూత తేలింది, పల్లెల్లోనూ దాదాపు అంతే. నారాయణఖేడ్ లాంటి పల్లె ప్రాంతంలో ఈ మాట నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఇక్కడ నెత్తురు విరేచనాలంటే మొదట మొలలనో, అమీబా అనో అనుకుంటారు. పేగుపూతలో ఒక రకమైన క్రోన్స్ వ్యాధిని పేగు టీబీ నుంచి వేరు చేయడం పెద్దాసుపత్రుల్లోనూ కష్టమే. ఈలోగా పథ్యం మొదలవుతుంది. పాలు మానేస్తారు, పప్పు మానేస్తారు, జొన్నరొట్టె పోయి గంజి మిగులుతుంది. జబ్బు సగం, పథ్యం సగం కండను తినేస్తాయి.

అందుకే తూకం లేని ఇంట్లో అడగాల్సింది, పండక్కి కుట్టించిన రవిక ఇప్పుడు ఎంత వదులైందని, మొలతాడు ఎన్నిసార్లు బిగించారని. వదులైన బట్టల్ని ఎస్‌జీఏ చేసే వైద్యులూ లెక్కలోకి తీసుకుంటారు. దానికి తోడు పిడికిలి బిగువు కొలిచే చిన్న పరికరం చాలు. ఆసియా నిపుణుల 2019 ప్రమాణం ప్రకారం మగవారిలో 28 కిలోలు, ఆడవారిలో 18 కిలోల కంటే తక్కువైతే కండ బలం తగ్గినట్టే.