తిరగేసిన శంఖం

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం కదా. అసలు ఆ శంఖాన్ని తిరగేసి, సన్నటి కొసను చెవిలో పెట్టి, వెడల్పు మూతిని మాట్లాడే మనిషి వైపు తిప్పితే? కరెంటు రాకముందు యూరప్‌లో వాడిన చెవిబూర ఇంచుమించు అదే.

జఫర్‌గఢ్‌లో మా తాతకు ముసలితనంలో చెవులు మందగించాయి. అరుగు మీద కూర్చుని, అరచెయ్యి దొప్పలా చెవి వెనక పెట్టి, "జర దగ్గరికొచ్చి చెప్పు బిడ్డా" అనేవాడు. నా మొదటి జీతంతో హైదరాబాద్‌లో చెవి మిషన్ కొన్నాను. నాలుగు రోజులు పెట్టుకుని గూట్లో పడేశాడు. "మాటకంటే గిన్నెల చప్పుడే ఎక్కువిన్పిస్తున్నది" అన్నాడు. నాకు కోపమొచ్చింది. తాత పోయాక ఆ డబ్బా నా చేతికొచ్చింది. అప్పుడు మొదలైంది ఈ చదువు.

చెవిబూర పనిచేసే తీరు తేలికే. వెడల్పు మూతి ఎక్కువ ధ్వనిని పట్టి, క్రమంగా సన్నబడే గొట్టం గుండా చెవిలోకి పంపుతుంది. దీంతో 10 నుంచి 20 డెసిబెల్స్ దాకా లాభం. తాత అరచెయ్యి చేసిందీ ఇదే పని, కాకపోతే ఇంకా కొంచెంగా. లండన్‌లో ఎఫ్.సి. రైన్ 1800లో వీటి వ్యాపారం పెట్టాడు. మెట్రొనోమ్‌తో పేరుపొందిన మెల్జెల్, బీథోవెన్ కోసం 1812-14 మధ్య కొన్ని బూరలు చేశాడు. చెవుడు బాగా ముదిరితే ఇవి చాలవు. 1818 నుంచి బీథోవెన్‌తో మాట్లాడేవాళ్ళు నోటుపుస్తకాల్లో రాసి చూపించాల్సి వచ్చింది.

రైన్ 1819లో పోర్చుగల్ రాజు ఆరో జొవావ్ కోసం ఒక కుర్చీ చేశాడు. చేతుల చివర నోరు తెరిచిన సింహాలు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ నోట్లోకి మాట్లాడితే గొట్టం గుండా రాజు చెవికి చేరేది. రాజు గనక ఎదుటివాళ్ళే వంగారు. హ్యారియట్ మార్టినో రాణీ కాదు, దొరసానీ కాదు, ఒక రచయిత్రి. 1834లో చెవిబూర పట్టుకుని అమెరికా వెళ్ళి రెండేళ్ళు తిరిగింది. వినబడని మనిషి దేశాన్ని ఏం తెలుసుకుంటుందని అడిగేవాళ్ళకు 1837లో వచ్చిన తన పుస్తకంలో జవాబిచ్చింది: బూరలోకి మాట్లాడాలంటే పక్కకొచ్చి కూర్చోవాలి, అలా కూర్చున్నవాళ్ళు మనసులోది చెప్తారు అని.

ఇంజనీరుగా నాకు ఇక్కడో లెక్క తట్టింది. ఆరుబయట దూరం సగమైన ప్రతిసారీ ధ్వని 6 డెసిబెల్స్ పెరుగుతుంది. రెండు మీటర్ల నుంచి పావు మీటరుకు జరిగితే 18. అంటే దగ్గరికి రావడం కూడా దాదాపు ఒక బూరకు సమానం!

కరెంటు మిషన్లు చెడ్డవని కాదు. తీవ్రమైన చెవుడుకు బూర ఇవ్వలేనిది అవి ఇచ్చాయి. కానీ వాటికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది, మళ్ళీ మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోవాలి. నేను తాతను ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు. మిషన్ కొనిచ్చాను కాబట్టి ఇక వాకిట్లోంచే, ఫోన్ చూసుకుంటూ మాట్లాడొచ్చు అనుకున్నాను. ఆయన అడిగింది అరుగు దాకా రమ్మని. బూరే ఇచ్చి ఉంటే, పక్కన కూర్చోక నాకు తప్పేది కాదు.