చెక్క, ఆకు, పువ్వు: తంగేడు వినియోగ చరిత్రపై ఒక పరిశీలన

ప్రస్తావన

తెలంగాణ ప్రభుత్వం 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. నేడు తంగేడు అనగానే బతుకమ్మ గుర్తుకు రావడం సహజం. కానీ నూరేళ్ళ కిందటి మద్రాసు తోళ్ళ వ్యాపారికి తంగేడంటే చెక్క (బెరడు), మాగాణి రైతుకు ఆకు, నాటువైద్యుడికి పువ్వు, గింజ, వేరు. ఒకే పొద మీద ఇంతమంది ఆధారపడగలిగారంటే కారణం ఒకటే: దాన్ని ఎవరూ నాటలేదు, అది ఎవరి పట్టా భూమిలోనూ పంటగా లేదు. ఊరి చివర బంజరులో, గుట్ట వాలులో, డొంక పక్కన తనంత తాను పెరిగేది. ఒక్కో వినియోగం వెనకబడ్డకొద్దీ ఆ నేల బాగోగులు పట్టించుకునే వర్గాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయని, చివరికి పువ్వు కోసేవాళ్ళు మాత్రమే మిగిలారని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మొక్క స్వభావం

లిన్నేయస్ 1753లో దీనికి కేసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. సామర్లకోటలో కొన్నేళ్ళు పనిచేసి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ దీన్ని సెన్నా ప్రజాతిలో చేర్చాడు. తర్వాత చాలాకాలం కేసియా పేరే వాడుకలో నిలిచింది. 1982లో వృక్షశాస్త్రజ్ఞులు ఇర్విన్, బార్నెబీ ఆ పెద్ద ప్రజాతిని విడగొట్టాక సెన్నా ఆరిక్యులేటా స్థిరపడింది. భారత ద్వీపకల్పంలోని మెట్ట ప్రాంతాలు, శ్రీలంక, మయన్మార్ దీని సహజ ఆవాసం.

ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో వెడల్పుగా ఉండే జంట పత్రపుచ్ఛాలు, జత జత చిట్టి ఆకుల నడుమ నిలువుగా నిలిచే గ్రంథులు, కాగితంలా పల్చని బల్లపరుపు కాయలు దీన్ని సోదర జాతుల నుంచి వేరుచేసే గుర్తులు. సునాముఖి అని పిలిచే నేలతంగేడు, కసివింద కూడా సెన్నాలే. మందుల దుకాణంలో ఇవి తారుమారయ్యే అవకాశం ఉంది కనుక ఈ గుర్తులకు ప్రాధాన్యం ఉంది.

పువ్వులో పది కేసరాలుంటాయి. పైనున్న మూడూ గొడ్డువి. పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడే ప్రతిఫలం. ఆ పుప్పొడి కూడా పరాగకోశం కొసనున్న రంధ్రంలోంచే రాలాలి. నల్ల తుమ్మెదల వంటి బలమైన కీటకాలు పువ్వును పట్టుకుని రెక్కల కండరాలను అదిరిస్తేనే అది బయటపడుతుంది. కాబట్టి తంగేడు గుబుర్లు నిండుగా కాయాలంటే చుట్టుపక్కల తుమ్మెదలు గూడు కట్టుకునే ఎండుకొమ్మలు, మోళ్ళు కూడా ఉండాలి.

చిక్కుడు కుటుంబంలోనిదైనా సెన్నా జాతుల్లో అధికశాతం వేళ్ళకు నత్రజనిని పట్టే బుడిపెలు రావు. తంగేడు మనుగడ వేరే గుణాల మీద నిలిచింది. లోతుగా దిగే వేరు, రాతి నేలను ఓర్చే శక్తి, పశువులు అంతగా ఇష్టపడని ఆకు, నరికితే మొదలు దగ్గర నుంచి మళ్ళీ చిగిర్చే తత్వం. ఈ చివరి గుణమే దాని ఆర్థిక చరిత్రకు పునాది.

చెక్క: లంద నుంచి లండన్ దాకా

తంగేడు బెరడులో సుమారు 18 శాతం టానిన్ ఉంటుంది. పచ్చితోలులోని మాంసకృత్తులతో టానిన్ బంధం కట్టి, తోలు కుళ్ళకుండా, నీటికి చెడకుండా చేస్తుంది. తెలుగు పల్లెల్లో ఈ విద్య మాదిగలది. తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తర్వాత దంచిన తంగేడు చెక్క కలిపిన లందలో (తోలు ఊనే తొట్టిలో) ఊరబెట్టేవారు. తోలును సంచిలా కుట్టి, లోపల చెక్క, నీళ్ళు నింపి వేలాడదీసే పద్ధతి కూడా ఉండేది. చెప్పులు, ఎద్దుల పలుపులు, బావి నుంచి నీళ్ళు తోడే మోట బొక్కెన ఈ పనితనం నుంచే వచ్చాయి. మోట లేనిదే బావి కింద వ్యవసాయం లేదు, తంగేడు లేనిదే మోట లేదు. వ్యవసాయ చరిత్రలో ఎద్దుకు, బావికి దక్కిన చోటు ఈ చెక్కకూ, దాన్ని లందలో పడేసిన చేతులకూ దక్కలేదు.

పందొమ్మిదో శతాబ్దం నడుమ పుదుచ్చేరికి చెందిన చార్లెస్ డి సుసీనీ మద్రాసులో ఈ దేశవాళీ పద్ధతిని మెరుగుపరిచాడు. తంగేడు చెక్కతో ఊనిన తోలు వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. చివర కరక్కాయ నీళ్ళలో ముంచితే ఆ లోపం తగ్గి రంగు తేటపడుతుంది. ఈ రెండంచెల విధానంతో తయారైన తోళ్ళు ఈస్టిండియా కిప్పుల పేరుతో లండన్ వేలంపాటలకు చేరాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు వీటిని విరివిగా వాడారు. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. అక్కడి పేదలు కొమ్మలు నరికి, బెరడు ఒలిచి, ఎండబెట్టి అమ్మేవారు. నరికిన పొద మళ్ళీ చిగిర్చేది గనుక ఈ సేకరణ మొక్కను సమూలంగా నాశనం చేయలేదు.

ఈ వ్యాపారంలో తంగేడును వెనక్కి నెట్టినవి రెండు. మొదటిది వాటిల్ బెరడు. ఆస్ట్రేలియాలో పుట్టి దక్షిణాఫ్రికాలో తోటలుగా పెరిగిన ఈ తుమ్మజాతి చెట్టు బెరడులో టానిన్ 30 శాతానికి మించి ఉంటుంది. ఒకే మేరకు తోలు ఊనడానికి సగం చెక్క చాలు, పైగా తోటపంట కాబట్టి సరఫరా నిలకడగా ఉంటుంది. రెండోది క్రోమియం లవణాలతో తోలు ఊనే క్రోం పద్ధతి. 1903 ప్రాంతంలో ఇంజనీరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో దీని ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఆయన క్రోం తోలును ప్రయత్నించిన వస్తువుల్లో మోట బొక్కెన కూడా ఉంది. అంటే కొత్త రసాయనం తంగేడు చెక్క మీద పోటీకి దిగింది ఎగుమతి తోళ్ళలోనే కాదు, రైతు బావి దగ్గర కూడా. తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చి మోటనే తీసివేశాయి.

ఆకు: మడిలో తొక్కిన ఎరువు

వరి మడుల్లో దమ్ము చేసేటప్పుడు కానుగ, జిల్లేడు, తంగేడు కొమ్మలు తెచ్చి బురదలో తొక్కడం పాత అలవాటు. బుడిపెలు లేని మొక్క పచ్చిరొట్టగా ఎలా పనికొస్తుందన్న ప్రశ్నకు జవాబు సులువే. తంగేడు గాలిలోని నత్రజనిని నేలకు తేలేదు. బంజరు నేల లోతుల్లోంచి వేళ్ళు పీల్చుకున్న పోషకాలను రైతు మాగాణిలోకి మోసుకొచ్చాడు. మెట్ట సారం మడికి చేరిందన్నమాట. జనుము, జీలుగలా పొలంలోనే పెంచి కలియదున్నే పచ్చిరొట్టకూ దీనికీ ఉన్న తేడా ఇదే. ఈ ఎరువుకు ఊరి చుట్టూ పొదలు నిలిచి ఉండాలి. యూరియా బస్తా వచ్చాక ఆ అవసరం తీరిపోయింది, బంజరుకూ మడికీ ఉన్న సంబంధం తెగిపోయింది.

మందు: నమ్మకం, పరీక్ష

ఆయుర్వేదంలో ఇది ఆవర్తకి. సిద్ధ వైద్యంలో వేరు, చెక్క, ఆకు, పువ్వు, గింజ ఐదూ కలిపిన చూర్ణాన్ని మధుమేహానికి ఇస్తారు. తంగేడు పూచిన చోట చావు ఉండదన్న భావంతో తమిళంలో సామెత ఉంది. శ్రీలంకలో దీన్ని రణవర అంటారు. ఎండిన పూలు, ఆకులు మరిగించిన కషాయాన్ని అక్కడ టీలా తాగుతారు.

పూల సారం మధుమేహం కలిగించిన ఎలుకల్లో రక్తంలోని చక్కెరను తగ్గించినట్టు అణ్ణామలై విశ్వవిద్యాలయ పరిశోధకులు 2002లో ప్రచురించారు. ఎలుకల్లో వచ్చిన ఫలితం మనిషికి మోతాదు చెప్పదు. మరోపక్క, కాలేయానికి హాని చేయగల పైరోలిజిడీన్ ఆల్కలాయిడ్లు ఈ మొక్కలో ఉన్నట్టు 1981లో శ్రీలంక శాస్త్రవేత్తలు నివేదించారు. పూలపొడిని చక్కెర వ్యాధికి తిరుగులేని మందుగా అమ్మేవారు మొదటి ఫలితాన్ని చెప్పి రెండోదాన్ని దాటవేయడం సరికాదు. మధుమేహానికి మాత్రలు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా ఈ కషాయం మొదలుపెట్టకూడదు.

పువ్వు: మిగిలిన హక్కు

భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులు తెలంగాణ స్త్రీలు పూలు పేరుస్తారు. వానలు వెనకబట్టే ఈ సమయంలోనే తంగేడు విరగబూస్తుంది. గునుగు, బంతి, కట్లపూలు ఎన్ని ఉన్నా తంగేడు లేని బతుకమ్మ వెలితిగానే ఉంటుంది. ఇందులో గమనించాల్సింది పూల సేకరణ. ఇంటి మగవాళ్ళో, పిల్లలో గుట్టకు పోయి కోసుకొచ్చే పువ్వుకు ధర లేదు, అనుమతి అక్కర్లేదు. చెక్క, ఆకు విషయంలో చెల్లిపోయిన ఉమ్మడి హక్కు పువ్వు విషయంలో ఏటా తొమ్మిది రోజులు అమలవుతోంది. పట్టణాల్లో అదే పువ్వు కుప్పలుగా పోసి అమ్మకానికి రావడం, కోసుకునే నేల దూరమైందనడానికి నేరుగా కనిపించే సాక్ష్యం.

ముగింపు

పైన చూసిన నాలుగు వినియోగాల్లో మూడింటికి ప్రత్యామ్నాయాలు దొరికాయి: చెక్కకు వాటిల్, క్రోం, ఆకుకు యూరియా, కషాయానికి మాత్ర. పండుగ పువ్వుకు మాత్రం ప్రత్యామ్నాయం లేదు. అయితే పువ్వు కోసేవారికి పొదతో పని ఏడాదిలో కొద్దిరోజులే. మిగతా కాలమంతా ఆ నేల రెవెన్యూ దస్త్రాల్లో బంజరుగా, అంటే ఎవరికీ పనికిరానిదిగా లెక్కకొస్తుంది. ప్లాట్లకో, క్వారీకో, చివరికి మొక్కలు నాటే కార్యక్రమానికో అదే ముందుగా చదును అవుతుంది.

కాబట్టి తంగేడు సంరక్షణ అంటే నర్సరీలో మొక్కలు పెంచి పార్కుల్లో నాటడం ఒక్కటే కాదు. ఊరి ఉమ్మడి భూముల్లో ఇప్పటికే ఉన్న గుబుర్లను గ్రామసభ గుర్తించి జీవవైవిధ్య రిజిస్టరులో రాయించాలి. పచ్చదనం పేరుతో వాటిని దున్ని వేరే మొక్కలు పెట్టడం ఆపాలి. క్రోం వ్యర్థాల సమస్య వల్ల మొక్కల టానిన్లపై మళ్ళీ ఆసక్తి పెరుగుతున్న నేపథ్యంలో, కొమ్మ నరికి పొదను నిలిపే పాత సేకరణ పద్ధతిని ఆ పని తెలిసిన కుటుంబాల పెద్దల నుంచి నమోదు చేయాలి. రాష్ట్ర పుష్పమన్న గౌరవం పువ్వుకు దక్కి పదేళ్ళు దాటింది. అది పూసే నేలకు దస్త్రాల్లో బంజరు కాక మరో పేరు ఇంకా రాలేదు.