జుట్టు మీద పెత్తనం

తల దువ్వుకోవటం ఎవరి సొంత వ్యవహారం వారిదే అనుకుంటాం. అమెరికా నల్లజాతికి ఆపాటి స్వేచ్ఛ కూడా దక్కలేదు. 1786లో, స్పెయిన్ ఏలుబడిలోని లూసియానాలో, స్వతంత్రులైన నల్లజాతి స్త్రీలు జుట్టును గుడ్డతో కప్పుకోవాలని గవర్నరు శాసించాడు. 1981లో న్యూయార్కులో, నెత్తినంటి అల్లే సన్నజడలు తన కొలువులో కూడదన్న విమానకంపెనీ మీద రెనీ రోజర్స్ అనే ఉద్యోగిని దావా వేసింది. కోర్టు యజమాని పక్షమే వహించింది.

ఆ నగరంలోనే, బ్రాంక్స్ పేటలో, 1973లో హిప్ హాప్ పుట్టింది. 1980ల చివర బిగ్ డాడీ కేన్ వంటి గాయకులు చెంపలు గొరిగి, నడినెత్తిన జుట్టును గోడలా నిలబెట్టారు. 1990లలో సన్నజడలు వేదికలెక్కాయి. కొలువులో కూడదన్న జుట్టే వీధిలో ఆత్మగౌరవ చిహ్నమైంది.

అయినా పాట కొన్నవారందరూ పాడినవాని జుట్టును గౌరవించలేదు. జుట్టును బట్టి చూపే వివక్షను నిషేధిస్తూ కాలిఫోర్నియా తొలి రాష్ట్రంగా చట్టం చేసింది 2019లో గదా! ఫాషను గౌరవాన్ని చాటింది. హక్కును మాత్రం పోరాటమే తెచ్చింది.