శనాదివారాలూ కార్తెలూ: న్యాల్‌కల్ నేపథ్యంలో క్రైస్తవ యువజన పరిచర్య

తెలుగు చర్చీల్లో ‘సేవ’ అనే మాటకు ఒక ప్రత్యేకార్థం స్థిరపడిపోయింది. ‘మా అబ్బాయి సేవలో ఉన్నాడు’ అని ఒక తల్లి అంటే, వాడు కాలువలో పూడిక తీస్తున్నాడనో ఆస్పత్రిలో రోగి పక్కన కూర్చున్నాడనో ఎవరూ అనుకోరు. పాస్టరో సువార్తికుడో అయ్యాడని అనుకుంటారు. తెలుగు బైబిల్లో తరచూ కనిపించే ‘పరిచర్య’కు మాత్రం పాత వాసన ఇంకా పోలేదు. అది రోగికో, అతిథికో, మంచంపట్టిన ముసలివాళ్లకో దగ్గరుండి చేసేది. ఈ రెండు మాటల నడుమ గత కొన్ని దశాబ్దాల్లో ‘అవుట్‌రీచ్’ వచ్చి చేరింది. పట్నం చర్చి యువకులు శుక్రవారం రాత్రి బయల్దేరి పల్లెకు వెళ్తారు. శనివారం వైద్య శిబిరం, పిల్లలకు ఆటలు, బట్టల పంపకం, సాయంత్రం పాటలు. ఆదివారం ఆరాధన, భోజనాలు, ఫొటోలు, తిరుగు బస్సు. ఈ పద్ధతిని వెక్కిరించడం తేలిక, ఈ వ్యాసం ఉద్దేశం అది కాదు. సేవకు కాలాన్ని ఎవరి క్యాలెండరు నిర్ణయిస్తోంది, దానివల్ల సేవ స్వభావం ఎలా మారుతోంది అన్నదే ఇక్కడి ప్రశ్న. దాన్ని న్యాల్‌కల్ లాంటి చోట నిలబడి అడిగితే జవాబు కొంత తేటపడుతుంది.

న్యాల్‌కల్ ఇవాళ సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాద్ ప్రాంతంలో ఒక మండలం. కానీ 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం పాఠం చూస్తే, అప్పటిదాకా అది బీదర్ తాలూకాలో ఒక సర్కిల్. నారాయణఖేడ్ తాలూకాతోనూ, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకాతోనూ పాటు అది ఇటు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. గీత మారింది గానీ జనం నోటి మాట మారలేదు. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే అరుగు మీద వినిపిస్తాయి, కొన్ని ఇళ్లలో మరాఠీ కూడా. క్రైస్తవ చరిత్రలోనూ ఈ సరిహద్దు ఉంది. మెదక్ వైపు ఇంగ్లండు వెస్లియన్ మిషను పనిచేస్తే, బీదర్, వికారాబాద్ వైపు అమెరికా మెథడిస్టులు పనిచేశారు. మొదటి శాఖ 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. రెండోది కలవలేదు, 1981లో భారత మెథడిస్ట్ చర్చిగా స్వతంత్రమైంది. రెండింటి మూలపురుషుడూ జాన్ వెస్లీయే.

ఆ మూలం దగ్గర కాసేపు ఆగాలి. మెథడిజం పుట్టింది గుడిలో కాదు, విద్యార్థుల గదిలో. ఆక్స్‌ఫర్డ్‌లో వెస్లీ సోదరుల చుట్టూ చేరిన కొద్దిమంది 1730లో అక్కడి కోట జైలుకు వెళ్లడం మొదలుపెట్టారు. ఆ ఆలోచన వెస్లీది కాదు, విలియం మోర్గన్ అనే తోటి యువకుడిది. అప్పుల పాలై జైల్లో పడ్డవాళ్లను, పట్నంలోని పేద కుటుంబాలను చూడడానికి వాళ్లు వారం వారం వెళ్లారు. వెళ్లేముందు పెద్దల అనుమతి కూడా అడిగారు. గంటలు లెక్కగట్టుకుని బతుకుతారని తోటి విద్యార్థులు ఎగతాళిగా పెట్టిన పేరే ‘మెథడిస్ట్’. అంటే ఆ పేరులోనే కాలనియమం ఉంది. ఒకసారి వెళ్లి రావడం కాదు, వచ్చే వారం మళ్లీ కనిపించడం. జైల్లో ఉన్నవాడికి రొట్టె ఎంత ముఖ్యమో, ‘వీళ్లు మళ్లీ వస్తారు’ అన్న నమ్మకం అంత ముఖ్యమై ఉంటుందని ఊహించడానికి పాండిత్యం అక్కర్లేదు.

తెలుగు నేల మీద ఈ కాలనియమం ఇంకో రూపం తీసుకుంది. దోర్నకల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో పని మొదలుపెట్టాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకుముందు పద్నాలుగేళ్లు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా యువకుల మధ్య తిరిగినవాడు. ఆయన అధ్యక్ష మండలంలో బలపడిన ‘సాక్ష్య వారం’లో పొరుగూళ్లకు నడిచి వెళ్లింది జీతగాళ్లైన ఉపదేశకులు మాత్రమే కాదు, మామూలు సంఘస్థులు. ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు, అందులో ఆడవాళ్లూ ఉన్నారు. రోజుకూలీ మీద బతికేవాడు ఊరు వదిలి నడిస్తే ఆ పూట కూలి పోయినట్టే. నేటి శనాదివారాల సెలవు ఉద్యోగికి జీతంతో పాటు వచ్చేది. ఆ కూలీ ఇచ్చినది తన తిండిలోంచి తీసి ఇచ్చిన రోజు. రెండింటినీ ‘సమయం ఇవ్వడం’ అనే ఒకే మాటతో కొలవడం నాకు న్యాయంగా తోచదు.

దోర్నకల్ ప్రాంతంలో, ఆ తర్వాత తెలుగు చర్చీల్లో విస్తృతంగా నిలిచిన ‘పిడికెడు బియ్యం’ కూడా ఈ కోవలోదే. ఎసట్లో పోసే ముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. కోతల పండుగనాడు తొలిపంట గుడికి చేరుతుంది: కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు. తర్వాత వాటిని అక్కడే వేలం వేస్తారు. ఒక గుమ్మడికాయ రెండుమూడుసార్లు అమ్ముడైపోయి మళ్లీ వేలానికి రావడం చూసినవాళ్లకు ఆ నవ్వులు గుర్తుండే ఉంటాయి. ఇక్కడ దాత ఎవరో గ్రహీత ఎవరో చెప్పడం కష్టం. కష్టంగా ఉండడమే దాని విలువ. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన కెథడ్రల్ (1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది) గురించి జనం చెప్పుకునే కరువుకాలపు కథ కూడా ఇలాంటిదే. తిండి ఊరికే పంచలేదు, పని ఇచ్చి పెట్టారు అంటారు. ఆ కథలో దొరతనం ఉంది, నిజమే. కానీ తిన్నవాడు ‘ఈ రాయి నేను మోసిందే’ అని గోడ చూపించగలిగాడు.

ఇప్పుడు న్యాల్‌కల్ నేలకు వద్దాం. ఇక్కడ నల్లరేగడి ఉంది, ఎర్రనేల ఉంది. కంది, పెసర, శనగ, యాసంగి జొన్న, పత్తి, చెరకు పండుతాయి. మృగశిర కార్తెతో విత్తనం మొదలు. ఆషాఢ శ్రావణాల్లో కలుపు, ఆడవాళ్ల నడుములు విరిగే కాలం. భాద్రపదం దాటాక యాసంగి విత్తనం. కంది కోత సరిగ్గా క్రిస్మస్ రోజులకు వచ్చి పడుతుంది. పట్నం యువజనులకు అదే రద్దీ సీజన్: క్యారల్స్, దుప్పట్లు, కేకులు. వాళ్లు పల్లెకు వచ్చేసరికి పల్లె చేలో ఉంటుంది, ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, పసిపిల్లలు మాత్రమే మిగులుతారు. ఊరి వారానికి గుర్తు ఆదివారం కంటే అంగడి రోజు. శనివారం కాళ్లకు చెప్పులు లేకుండా వరసలో నిల్చున్న పిల్లల్ని చూసి ‘పేదరికం’ అనుకుని వెళ్లినవాళ్లకు, వాళ్ల తల్లులు అదే పూట మైలు దూరంలో కంది కట్టలు మోస్తున్నారని తెలిసే వీలుండదు. పేదరికం కనిపిస్తుంది, పని కనిపించదు.

మే నెల సెలవుల్లో పిల్లలకు జరిగే వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్) మాత్రం ఈ లెక్కలో బాగా ఇముడుతుంది. బడి లేదు, దుక్కులు తప్ప పెద్ద పొలం పని లేదు, పిల్లలు ఊళ్లోనే ఉంటారు. అది రోజుల తరబడి సాగుతుంది కాబట్టి, నడిపే అక్కలకూ అన్నలకూ మొదటిరోజు తెలియని పేర్లు మూడోరోజుకు నోటికొస్తాయి. ఎవడు ఉర్దూలో తిడతాడో ఎవరు కన్నడంలో ఏడుస్తారో తెలుస్తుంది. తెలుగు చర్చి యువతకు అందుబాటులో ఉన్న శిక్షణల్లో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. అయినా దాన్ని ‘చిన్నపిల్లల పని’ అని పక్కకు నెట్టి, మైకు పట్టే అవకాశానికే ఎగబడడం చూస్తుంటాం.

మతం మాట దాటవేయలేం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఇవ్వదు. మన రాష్ట్రాల్లో వాళ్లు బి.సి. ‘సి’ కిందికి వస్తారు. అందుకే గుడిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఒక పేరు ఉన్న ఇళ్లు ఎన్నో. పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ మెదక్ అధ్యక్ష మండలంలోని పల్లె క్రైస్తవుల మీద చేసి 1968లో అచ్చువేసిన అధ్యయనం, క్రీస్తు ఆరాధనా ఊరి దేవతల పండుగలూ ఒకే కుటుంబంలో ఎలా ఇమిడి ఉన్నాయో చూపించింది. రెండు రోజులకు వచ్చిన బృందం ఇలాంటి ఇంటి గడపలో నిల్చుని ‘మీరు విశ్వాసులా?’ అని అడిగితే, ఆ ఇల్లాలు ఏ జవాబు చెప్పినా ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది. బట్టల సంచీ చేతిలో పెట్టి అడిగితే మరీను. పరిచర్యకు షరతు పెట్టకూడదన్న సూత్రం నీతి కోసమే కాదు, ఆమె భద్రత కోసం కూడా.

ఇంకో చిక్కు భూమిది. జహీరాబాద్ నిమ్జ్ (జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి) కోసం న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాలు గుర్తించారు. 2024లో డప్పూర్, మల్గి, వడ్డి గ్రామాల రైతులు ఫార్మా పరిశ్రమలకు తమ భూములు ఇవ్వబోమని నిరసనకు దిగారు. ఇలాంటి చోట ఒక శనివారం మొక్కలు నాటి వెళ్లడంలో తప్పేమీ లేదు. ఏ చేను ఎవరిది, అది ఎన్నాళ్లుంటుంది అని మొక్క నాటే ముందు అడిగితే చాలు.

న్యాల్‌కల్ చుట్టుపక్కల ‘సంఘం’ అంటే చర్చి ఒక్కటే కాదు. పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇక్కడివాళ్లకు అంతకంటే బాగా తెలుసు. అందులో ఎక్కువమంది దళిత స్త్రీలు. క్రైస్తవ సంస్థ కాదది. 2008లో మాచ్‌నూర్ నుంచి ప్రసారం మొదలుపెట్టిన సంఘం రేడియో వాళ్లదే. ఏటా సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో చిరుధాన్యాల విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు ఊరూరా దాదాపు నెలపాటు తిరుగుతాయి. బండి వచ్చిన ఊరు భోజనం పెడుతుంది, వచ్చినవాళ్లు విత్తనం చూపిస్తారు, ఇద్దరూ పంటల గురించి వాదించుకుంటారు. చర్చి యువత ‘అవుట్‌రీచ్’ అని పిలిచేదాన్ని వీళ్లు ఏళ్లుగా చేస్తున్నారు, వేరే కాలమానంతో. వాళ్ల విత్తన బ్యాంకుల్లో అప్పు తీసుకున్న విత్తనాన్ని పంట చేతికొచ్చాక ఇంకొంత కలిపి తిరిగి ఇవ్వాలి. తీసుకున్నామె మరుసటి ఏడు ఇచ్చేవాళ్ల వరసలో ఉంటుంది.

కాబట్టి ఏదైనా పట్నం సంఘం న్యాల్‌కల్‌కు తన యువతను పంపదలచుకుంటే, తేదీలు పట్నంలో కూర్చుని ఖాయం చేయకపోవడం మొదటి పని. ఊరి పాస్టరమ్మనో మహిళా సంఘం పెద్దనో అడిగితే, ఆమె బహుశా డిసెంబరు చెప్పదు. శ్రావణంలో కలుపు రోజులు చెబుతుంది. ఆ పని రాని పిల్లలు మొదటిరోజు కలుపుతో పాటు పెసర మొక్కలూ పీకేస్తారు. చేనామె తిడుతుంది. మధ్యాహ్నం ఆమె జొన్నరొట్టె పెడితే తింటారు, తెచ్చుకున్న బిర్యానీ పొట్లాలు బస్సులోనే ఉంటాయి.