యూజర్ నేమ్ తప్పా, పాస్‌వర్డ్ తప్పా? ఓ అర సెకను కథ

తెనాలి, బాపట్ల, రేపల్లె... మీరు ఎక్కడ ఉన్నా సరే, "యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు" అనే మెసేజ్ మీ ఫోన్‌లో ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఆ రెండిట్లో ఏది తప్పో చెప్పొచ్చు కదా? సిస్టమ్‌కి తెలీదా? చాలాసార్లు తెలుసు. కావాలనే చెప్పదు. ఎందుకో తెలియాలంటే 1970ల్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కి వెళ్ళాలి.

అక్కడ యూనిక్స్ అనే సిస్టమ్ నడిచేది. టెలిఫోన్ లైన్ మీద డయల్ చేసి అందులోకి లాగిన్ అయ్యేవాళ్ళు. అలా డయల్ చేసినవాడు దొంగ అనుకోండి. "ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు" అని సిస్టమ్ చెప్పేస్తే వాడి పని సగం అయిపోయినట్టే. వరసగా పేర్లు కొట్టుకుంటూ పోయి, ఉన్న పేరు దొరకగానే పాస్‌వర్డ్ మీద పడతాడు. అందుకే పేరు తప్పైనా, పాస్‌వర్డ్ తప్పైనా ఒకటే జవాబు ఇవ్వాలి అనుకున్నారు.

అయినా గుట్టు బయటపడింది. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో రాసిన పేపర్‌లో ఈ సంగతి ఉంది. పేరు నిజంగా ఉంటే, పాస్‌వర్డ్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి పోల్చడానికి దాదాపు అర సెకను పట్టేది. పేరే లేకపోతే జవాబు వెంటనే వచ్చేసేది. అంటే మాట దాచింది, ఆలస్యం చెప్పేసింది! దాంతో పేరు లేకపోయినా ఎన్‌క్రిప్ట్ చేసేలా ప్రోగ్రామ్ మార్చారు.

ఇప్పుడు మన ఊళ్ళకి వద్దాం. 2015లో ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల్లోకి ఈ-పాస్ మిషన్లు వచ్చాయి. ఇక్కడ పాస్‌వర్డ్ బదులు వేలిముద్ర. ఆధార్‌లో 300 అనే ఎర్రర్ కోడ్ ఉంది. బయోమెట్రిక్ సరిపోలలేదు అని దానర్థం. దొంగ భయంతో ఏదో దాచడం కాదు, సిస్టమ్‌కి తెలిసిందే అంత. వేలు ఎండిందా, అరిగిందా, స్కానర్ మీద దుమ్ముందా అన్నది అది చెప్పదు. తెనాలి చుట్టూ నాట్లు వేసే చేతులు, రేపల్లె దగ్గర నిజాంపట్నంలో వల లాగే చేతులు అరగకుండా ఉంటాయా? కానీ ఆ మాట విన్న అవ్వ మాత్రం తప్పు తనదే అనుకుని ఖాళీ సంచితో ఇంటికి వెళ్ళిపోతుంది.

వెళ్ళిపోనివ్వకండి. ఆథెంటికేషన్ ఫెయిలైందన్న ఒక్క కారణంతో అర్హులకి రేషన్ ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబర్‌లోనే రాష్ట్రాలకి చెప్పింది. ఇంకో వేలు పెట్టించండి, వేరే దారి ఏముందో డీలర్‌ని అడగండి.

మీ ఫోన్‌లో అయితే పాస్‌వర్డ్ మార్చే ముందు యూజర్ నేమ్ ఓసారి చూసుకోండి. అది తప్పైతే ఎన్ని ఓటీపీలు అడిగినా మీకు రావు. "సరిపోలలేదు" అంటే సరిపోలలేదు అనే. మీరు తప్పు చేశారని కాదు.

ఈ ముక్క ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!