బోర్డు మీద అంకె మారితే బిల్లు ఎవరికి వస్తుంది? హాలెండ్ రోడ్ల కథ

ఈ పోస్టు కొంచెం పెద్దది. పని అయ్యాక తీరిగ్గా చదవండి.

మాది హైవే పక్క ఊరు. మొన్న టీ కొట్టు దగ్గర ఒక వాదన నడిచింది. సిటీలో ఉద్యోగం చేసే ఒక తమ్ముడు కారులో ఊరికి వచ్చాడు. "రోడ్డు ఇంత బాగా వేసి 100 దాటొద్దంటే ఎట్లా అన్నా? బయటి దేశాల్లో 130 మీద పోతారు" అన్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన "నువ్వు 130 మీద పోతే నేను ట్రాక్టర్ వేసుకుని రోడ్డు ఎప్పుడు దాటాలిరా?" అని అడిగాడు. అందరం నవ్వాం. కానీ ఆ ప్రశ్న నాకు మనసులో ఉండిపోయింది. ఆ బయటి దేశాల్లో అసలు ఏం జరిగిందో చదువుతూ పోయాను. అందులో ఒక దేశం కథ మనం తప్పకుండా తెలుసుకోవాలి. అక్కడ హైవే స్పీడ్ గొడవ చివరికి పశువుల కొట్టం దాకా వచ్చింది.

ఆ దేశం నెదర్లాండ్స్. మనం హాలెండ్ అంటాం. మన డెయిరీల్లో నలుపు తెలుపు మచ్చల హెచ్.ఎఫ్. ఆవులు ఉంటాయి కదా, ఆ హోల్‌స్టీన్ ఫ్రీజియన్ పేరులో ఫ్రీజియన్ అన్నది ఆ దేశం ఉత్తరాన ఉన్న ఫ్రీస్లాండ్ నుంచే వచ్చింది. దేశం మొత్తం కలిపినా మన తెలంగాణలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. 2019 నాటికి అందులో 1.7 కోట్ల జనం, 38 లక్షల దాకా ఆవులు, దూడలు, 1.2 కోట్ల పందులు, 10 కోట్ల దాకా కోళ్లు. ఇంకా వాటి మధ్యలోంచే మోటార్‌వేలు. మోటార్‌వే అంటే మన హైదరాబాద్ ఓఆర్ఆర్ లాంటిది. అటూ ఇటూ కంచె, మధ్యలో ఎక్కడా అడ్డంగా దాటే పని లేదు, సైకిల్, ట్రాక్టర్ ఎక్కడానికి వీల్లేదు.

1973 దాకా ఆ మోటార్‌వేల మీద కార్లకు స్పీడ్ లిమిటే లేదు. ఆ ఏడాది అక్టోబర్‌లో ఇజ్రాయెల్‌తో యుద్ధం వచ్చినప్పుడు అరబ్ దేశాలు అమెరికాతో పాటు నెదర్లాండ్స్‌కు కూడా చమురు ఆపేశాయి. నవంబర్ 4 నుంచి కొన్ని ఆదివారాలు కార్లు తియ్యొద్దని ప్రభుత్వం చెప్పింది. ఖాళీ మోటార్‌వేల మీద జనం సైకిళ్లు తొక్కారు, గుర్రాల మీద తిరిగారు. 1974లో మోటార్‌వేలకు 100 కిలోమీటర్ల లిమిట్ పెట్టారు. అంటే మొదటి బోర్డు పాతింది డీజిల్, పెట్రోల్ కరువు వల్ల.

చమురు మళ్లీ దొరికింది, లిమిట్ మాత్రం ఉండిపోయింది. ఉన్నా పాటించే వాళ్లు తక్కువ. ఎవరూ పాటించని రూల్ ఎందుకని 1988లో చాలా రోడ్ల మీద 120 చేశారు. తర్వాత 2011లో ఒక చోట 130 పెట్టి చూశారు. ఆ చోటు ఏంటంటే ఆఫ్‌స్లాయిట్‌డైక్, 1932లో సముద్రానికి అడ్డంగా కట్టిన 32 కిలోమీటర్ల కట్ట. దాని మీద రోడ్డు ఫ్రీస్లాండ్ వైపే పోతుంది. 2012 సెప్టెంబర్ నుంచి 130 అన్నది దేశం మొత్తానికి మామూలు లిమిట్ అయింది. అప్పుడు ప్రధాని మార్క్ రుట్టే. కార్లు నడిపే వాళ్లు సంబరపడ్డారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. 50 కిలోమీటర్ల దూరం 100 మీద పోతే 30 నిమిషాలు. 130 మీద పోతే 23 నిమిషాలు. మిగిలింది ఏడు నిమిషాలు. గాలి అడ్డు వేగంతో పాటు వర్గంలో పెరుగుతుంది. 1.3ని 1.3తో గుణిస్తే 1.69. అంటే గాలిని చీల్చడానికి ఇంజిన్ దాదాపు 70 శాతం ఎక్కువ బలం పెట్టాలి. బ్రేక్ పట్టాక బండి ఆగే దూరం కూడా అదే లెక్కన పెరుగుతుంది. ఇంజిన్ ఎక్కువ కాల్చినప్పుడు పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా ఎక్కువ వస్తాయి. ఈ చివరి ముక్కే అసలు కథ.

నత్రజని అంటే మనకు యూరియా బస్తా. పైరుకు ప్రాణం. ఎక్కువ వేస్తే పైరు పడిపోతుంది, పురుగు పడుతుంది, అది మనకు తెలుసు. అట్లాగే కొన్ని నేలలకు నత్రజని అసలు పడదు. నెదర్లాండ్స్‌లో ఇసుక బీళ్లు, బురద నేలలు ఉన్నాయి. ఆ బీద నేలలోనే బతికే మొక్కలు అక్కడ ఉంటాయి. గాలిలోంచి నత్రజని పడేసరికి గడ్డి, దురదగొండి లాంటివి ఏపుగా పెరిగి వాటిని మింగేస్తాయి. ఈ నత్రజని రెండు దారుల్లో వస్తుంది. పశువుల పేడ, మూత్రం కలిసినప్పుడు లేచే అమ్మోనియా ఒకటి, బండ్లు, ఫ్యాక్టరీల పొగ రెండోది. 2019 నాటి అక్కడి ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశం నేల మీద పడే నత్రజనిలో 46 శాతం వ్యవసాయం నుంచి, 6 శాతం రోడ్డు బండ్ల నుంచి, మూడో వంతు దాకా పక్క దేశాల నుంచి.

2015లో ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. ముందు ముందు నత్రజని తగ్గిస్తాం కాబట్టి ఇప్పుడే కొత్త కొట్టాలకు, రోడ్లకు, కట్టడాలకు పర్మిషన్లు ఇచ్చేద్దాం అని. మన భాషలో చెప్పాలంటే పంట చేతికి రాకముందే దాని మీద అప్పు తియ్యడం. 2019 మే 29న ఆ దేశ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఇది చెల్లదని తీర్పు ఇచ్చింది. ఒక్కసారిగా వేల పనులు ఆగిపోయాయి. ఇళ్లు కట్టే వాళ్లు, రోడ్లు వేసే వాళ్లు, కొట్టం పెంచుకోవాలనుకున్న రైతులు, అందరూ అక్కడికక్కడే.

ఇప్పుడు ఎవరు తగ్గాలి? ఒక ఎంపీ పశువులను సగానికి తగ్గించాలని అన్నాడు. రైతులకు కడుపు మండింది. అక్టోబర్ 1న ట్రాక్టర్లు వేసుకుని రాజకీయ రాజధాని హేగ్ మీదికి వెళ్లారు. రెండు వేలకు పైగా ట్రాక్టర్లు. ఆ ఉదయం దేశం మొత్తం రోడ్ల మీద వెయ్యి కిలోమీటర్లకు మించి ట్రాఫిక్ జామ్. 130 మీద పోవాల్సిన కార్లు ట్రాక్టర్ వెనకాల నిలబడ్డాయి.

నవంబర్‌లో ప్రభుత్వం తన నిర్ణయం చెప్పింది. 2020 మార్చి 16 నుంచి మోటార్‌వేల మీద ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకా 100 మాత్రమే. ప్రకటించింది ఎవరు? అదే రుట్టే, 130 పెట్టినప్పటి ప్రధాని. తనకు ఇది ఏమాత్రం ఇష్టం లేదని బయటికే చెప్పాడు. అయినా చేశాడు. ఎందుకంటే అంత త్వరగా నత్రజని తగ్గించే దారి ఇంకోటి లేదు. బోర్డు మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. ఆవుల మందను తగ్గించాలంటే ఒక కుటుంబం బతుకే మారాలి.

మనం ఇక్కడ ఒక విషయం గమనించాలి. కార్లు నెమ్మదించి మిగిల్చిన ఆ నత్రజని వాటా ఎవరికి ఇచ్చారు? 2020లో 75 వేల ఇళ్లు కట్టడానికి, రోడ్డు పనులకు. రైతుకు కాదు. ఆవుల దాణాలో ప్రొటీన్ తగ్గించాలని ఇంకో రూల్ పెట్టబోతే రైతులు మళ్లీ గొడవ చేశారు, ఆవు ఆరోగ్యం చెడుతుందని. దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022లో ప్రాంతాల వారీగా తగ్గింపు లెక్కల మ్యాప్ వచ్చింది, కొన్ని చోట్ల 95 శాతం దాకా. రైతులు జాతీయ జెండాలు తలకిందులుగా కట్టి నిరసన చెప్పారు. 2023లో కొట్టాలు శాశ్వతంగా మూసుకునే వాళ్లకు డబ్బులిచ్చే పథకాలు వచ్చాయి. అదే ఏడాది మార్చిలో రాష్ట్రాల స్థాయి ఎన్నికల్లో రైతుల తరఫున 2019లో పుట్టిన బీబీబీ పార్టీ మొదటి స్థానంలో నిలిచింది. 2024లో ప్రభుత్వంలోనూ చేరింది. ఆ ప్రభుత్వమే 2025లో కొన్ని ముక్కల మీద మళ్లీ పగలు 130 పెట్టింది.

కార్ల తప్పే అంతా అని నేను అనను. 46 శాతం ఎక్కడ, 6 శాతం ఎక్కడ. అంత చిన్న నేల మీద అన్ని పశువులు పెంచితే భారం ఉంటుంది, అది అక్కడి రైతులు కూడా ఒప్పుకోవాల్సిందే. నాకు కష్టం అనిపించింది ఇంకోటి. 2012లో 130 చేసినప్పుడు ఏడు నిమిషాల లాభం అందరికీ కనిపించింది, ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుందో ఎవరూ అడగలేదు. ఏడేళ్ల తర్వాత లెక్క తీస్తే కారు, ఇల్లు, ఆవు ఒకే పద్దులో తేలాయి. అప్పటికి అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

ఇక మన సంగతి. మన దగ్గర ఖర్చు నత్రజని రూపంలో రాదు, ప్రాణాల రూపంలో వస్తుంది. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్లకు 120, డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్ల మీద 100 అని లిమిట్ పెంచింది. 2021లో మద్రాస్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ప్రమాదంలో దాదాపు పూర్తిగా వికలాంగురాలైన ఒక దంత వైద్యురాలి నష్టపరిహారం కేసు వింటూ ఇచ్చిన తీర్పు అది. అయినా చర్చ ఆగలేదు. 2023లో మన ఓఆర్ఆర్ మీద లోపలి లైన్లకు 120 చేశారు. కేంద్రం లెక్కల ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 61 వేల మంది జాతీయ రహదారుల మీద. మొత్తం చావుల్లో 70 శాతానికి పైగా అతి వేగం ఖాతాలోనే రాశారు.

ఓఆర్ఆర్ మీద 120 అంటే నేను పెద్దగా వాదించను. కంచె ఉంది, బర్రె రాదు, బైక్ రాదు. కానీ మన ఊళ్ల మధ్య నుంచి పోయే హైవే అట్లాంటిది కాదు. డివైడర్‌కు గండి పెట్టి దాటుతాం. ఆవలి చేనుకు ట్రాక్టర్ పోవాలన్నా, సాయంత్రం బర్రెలు ఇంటికి రావాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా అదే గండి. సర్వీస్ రోడ్డు లేని చోట రాంగ్ రూట్‌లో పోతాం. వడ్లు, మక్కలు ఆ రోడ్డు మీదే ఆరబోస్తాం. ఇందులో మన తప్పు కూడా ఉంది, రాత్రి పూట వడ్ల చుట్టూ రాళ్లు పెట్టి వదిలేస్తే బైక్ మీద వచ్చేవాడి గతి ఏంటి? అది మనం మానాలి.

కాబట్టి టీ కొట్టు దగ్గర తమ్ముడికి నా జవాబు ఇది. లిమిట్ పెంచమని అడుగు, తప్పు లేదు. మన కూరగాయల బండి మార్కెట్‌కు త్వరగా చేరితే మాకూ లాభమే. కానీ ముందు అండర్‌పాస్ అడుగు, సర్వీస్ రోడ్డు అడుగు, లైట్లు అడుగు. అవి వచ్చాక బోర్డు మీద అంకె గురించి మాట్లాడదాం. హాలెండ్‌లో అంకె ముందు మార్చి లెక్క తర్వాత చూశారు. మన దగ్గర ఆ తర్వాత అన్నది ఉండదు, పోయిన మనిషి తిరిగి రాడు.

మీ ఊరి దగ్గర హైవే దాటడానికి ఏం ఏర్పాటు ఉందో రాయండి. అండర్‌పాస్ కోసం గ్రామసభ తీర్మానం చేసి సాధించుకున్న ఊళ్లు ఉంటే ఎట్లా చేశారో కూడా చెప్పండి. మా ఊళ్లో వచ్చే గ్రామసభలో ఈ మాట ఎత్తాలని అనుకుంటున్నాం.